మిరుగునాటి కొర్రమట్ట

వేసవి సెలవులకు పెగడపల్లికి బోయినప్పుడెల్ల నేను ముందుగా చూచునది మా యింటిని గాదు, చెఱువును. బస్సు దిగి కట్టమీదుగా నడచుచు, ఈ యేడు నీరెంత దూరము వెనుకకు జరిగినదో, తూము రాళ్లెన్ని బయటపడినవో చూచి గాని యింటి గడప త్రొక్కను. నాకిప్పుడు నలువదియైదేండ్లు దాటినవి. పిల్లలకు సామాన్యశాస్త్రము బోధించి జీవించువాడను. ఈ యలవాటు నాకు పదునొకండవ యేట, 1991వ సంవత్సరపు వేసవిలో అబ్బినది. సంచికకు సెలవులలో నేర్చినదేదైన వ్రాసి యిమ్మని సంపాదకులడుగగా, తరగతిలో నేనెన్నడును చెప్పని యీ సంగతి వ్రాయుటకు బూనుకొంటిని.

మా ప్రాంతపు చెఱువులు లోతైనవి కావు. ఒకవైపున కట్ట, తక్కిన మూడు వైపుల నేల మెల్లగా వాలియుండును. కావున నీరు మూరెడు తగ్గినచో ఒడ్డు వంద గజములు వెనుకకు బోవును. అట్లు బయటపడిన నేలను మావైపు శిఖమందురు. మార్చి నెలలో శిఖమున గొఱ్ఱెలు మేయును; ఏప్రిలునకు నెఱ్ఱెలు వాఱును; రోహిణి కార్తె వచ్చునప్పటికి, రోళ్లు పగులునను మాట నిజమని తోచునట్లు, ఎండ 45 డిగ్రీలకు చేరును. అప్పుడు పెద్దచెఱువంతయు మోకాటిలోతు పల్లముగా మాఱి, తూమునొద్ద మాత్రము నిలువెత్తు గుంట యొకటి మిగులును. వానకాలమున కన్నులకు కానరాని చేపలన్నియు ఆ కొద్దిపాటి నీటిలో క్రిక్కిఱిసియుండును. చేపలు పట్టువానికి అది పండుగ. చేపకు మాత్రము అది గండము.

నాకు గాలము నేర్పినవాడు మా వాడకట్టునకు ఎదురుగా నివసించిన బెస్త తాత. సంఘమువారు వలలు వేయు దినములందు ఆయన వారితో గూడ వేసెడివాడు. కాని యాయన మనసంతయు గాలముమీదనే. వెదురుకఱ్ఱ, నైలాను దారము, జీలుగు బెండు, పాత కొబ్బరిచిప్పలో తడిమట్టియు వానపాములును, ఇదియే యాయన పరికరము. చిన్న పరిగెలకును జెల్లలకును వానపామే చాలును. కొర్రమట్టకు మాత్రము చిన్న కప్ప కావలయును. జెల్లను గాలమునుండి విడదీయుటయు ఒక విద్యయే. ముల్లు గ్రుచ్చుకొన్న వ్రేలు సాయంకాలము వఱకు సలుపును. ఆ విద్య నాకు మూడుసార్లు ఏడ్చిన పిమ్మటనే పట్టుపడినది.

ఆయన బోధనాపద్ధతి తలచుకొన్నప్పుడు నా కిప్పటికిని నవ్వు వచ్చును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మా ఆచార్యులు, తెలిసినదానినుండి తెలియనిదానికి బోవలయుననియు, వస్తువును చూపిన పిమ్మటనే పేరు చెప్పవలయుననియు నెలల తరబడి మాకు బోధించిరి. తాత ఆ పనిని ఒక్క ఉదయమున జేసెను. నన్ను తుంగలో కూర్చుండబెట్టి, గాలము చేతికీయక, నీటిని చూడుమనెను. చాలసేపటికి తుంగమొదట నీరు కొంచెము ఉబ్బి, ఒక చిన్న బుడగ లేచి పగిలెను. అప్పుడాయన మెల్లగా నిట్లనెను: "బిడ్డా, కొర్రమట్ట మన లెక్కనే గాలి పీల్చుకుంటది. పైకి రాక దానికి దిక్కు లేదు. బుడగ యాడ లేస్తదో అదే దాని ఇల్లు."

ఆ మాటలోని శాస్త్రము నాకు తరువాత గాని తెలియలేదు. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వేడిగల లీటరు మంచినీటిలో అది సుమారు 9 మిల్లీగ్రాముల వఱకు కరగగలదు. 35 డిగ్రీలకు వచ్చునప్పటికి 7 మాత్రమే. పగటివేళ నాచును నీటిమొక్కలును వెలుతురులో ప్రాణవాయువును విడిచి కొంత పూరించును గాని, రాత్రివేళ అవియు చేపలతోపాటు దానిని వాడుకొనునవే. అందుచేత తెల్లవాఱుటకు ముందు నీరు మిక్కిలి నిస్సారమై యుండును. ఆ వేళ రవ్వలును బొచ్చెలును నోళ్లు తెఱచుకొని నీటిపైకి తేలుట నేను పలుమార్లు చూచితిని. కొర్రమట్ట సంగతి వేఱు. దాని మొప్పలకు పైన గాలిని నింపుకొను గదులు గలవు. బురదనీటిలో, తక్కిన చేపలు చచ్చు నీటిలో, అది బ్రదుకును. చెఱువెండినచో తడి యున్నంతకాలము బురదలో దాగియుండును. కాని యీ వరమునకు వెల యున్నది. నీరెంత మంచిదైనను అది పైకి రాకతప్పదు. వలలో చిక్కి పైకి రాలేకపోయినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. మునిగి చచ్చు చేప యన్నమాట! దేనివలన అది వేసవిని గడచుచున్నదో, దానివలననే పట్టువాని కన్నునకు దొరకుచున్నది.

ఈ చేపను గ్రంథస్థము చేసిన మొదటివాడు బెర్లిను నగరపు వైద్యుడు మార్కస్ బ్లాక్, సంవత్సరము 1793. తమిళదేశమందలి తరంగంబాడిలో నుండిన జాన్ అను మిషనరీ మన దక్షిణదేశపు చేపలను సేకరించి యాయనకు పంపుచుండెడివాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమునకు వేఱే కారణమక్కఱలేదు. నేడు కొర్రమట్ట తెలంగాణ రాష్ట్రపు చేప.

వేసవిలో గాలమునకు వేళలు రెండే. తెల్లవాఱుజామున తూర్పు ఎఱుపెక్కువఱకు ఒకటి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట కొంతసేపు మఱియొకటి. మధ్యాహ్నము ఒడ్డునీరు కాగినట్లుండును. అప్పుడు చేప తామరాకుల నీడను, తుంగదుబ్బుల నడుమను కదలక పడియుండును. కప్పను గాలమునకు గ్రుచ్చి, ఆకులమీద పడవేసి, అది తానై గెంతుచున్నట్లు కఱ్ఱను మెల్లమెల్లగా లాగవలయును. ఆకుల సందున నీరు చీలినంతనే గుంజరాదు. "పది లెక్కపెట్టు" మనెడివాడు తాత. పదకొండేండ్ల పిల్లవానికి ఆ పది లెక్కించుట గుణకారపు ఎక్కములకంటె కష్టము. మొదటి వారమున నేను మూడుదాక లెక్కించి గుంజి, నాలుగు చేపలను పోగొట్టుకొంటిని.

ఆయన విధించిన నిషేధములు రెండు. "పిల్లలెంట ఉన్న చేపకు గాలం ఎయ్యొద్దు. తూముకాడి గుంటల అసలే ఎయ్యొద్దు. అది విత్తనం." ఇంతకుమించి వివరణ లేదు. నేను అడుగలేదు.

ఇప్పుడు మా యింటి సంగతి కొంత చెప్పవలసియున్నది. మా తండ్రి కువైటులో కూలిపని చేయుచుండెను. 1990 ఆగస్టులో ఇరాకు సేనలు ఆ దేశమును ఆక్రమించినప్పుడు, అక్కడనుండి జోర్డాను దేశపు అమ్మాను నగరము చేరి, మన ప్రభుత్వము పంపిన విమానములలో స్వదేశమునకు వచ్చిన లక్షకుపైబడిన భారతీయులలో ఆయన యొకడు. ఒంటిమీది బట్టలతో వచ్చెను. మాకొఱకు కొన్న వస్తువులు నిండిన పెట్టె అక్కడనే యుండిపోయినది. ఆ యేడంతయు మా తల్లి చుట్టిన బీడీలమీద ఇల్లు గడచెను. అట్టి స్థితిలో, వేసవిలో, నాకు మిషను ఉన్నతపాఠశాలయందును వసతిగృహమందును చోటు దొరకినదని ఉత్తరము వచ్చెను. చదువునకు రుసుము లేదు. తెచ్చుకొనవలసిన వస్తువుల పట్టిక మాత్రము జతపఱచియుండెను: రెండు జతల బట్టలు, దుప్పటి, కంచము, గ్లాసు, తాళముగల ఇనుపపెట్టె.

పెట్టెయను మాట చదివినప్పుడు మా తండ్రి కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను. రెండు వారముల వఱకు మరల ఆ ప్రస్తావన తేలేదు. తక్కినవన్నియు ఒక్కటొక్కటిగా సమకూరినవి. పెట్టెకు డెబ్బది రూపాయలు తక్కువైనవి.

మృగశిర కార్తె ప్రవేశించు దినమున, అనగా జూను 7వ లేక 8వ తేదీన, తెలంగాణమున చేపకూర వండని యిల్లు తక్కువ. మేము దానిని మిరుగందుము. ఎండలు తగ్గి వానలు మొదలగు ఆ సంధికాలమున చేప తిన్నచో ఒంటికి మేలని పెద్దల నమ్మకము. హైదరాబాదులో ఉబ్బసపు రోగులకు మందుతోగూడ ప్రాణముతోనున్న చిన్న కొర్రమట్టను మ్రింగించునదియు ఆ దినమే. ఆ మందు గుణమును గూర్చి నేను వాదింపబోను. నేను చెప్పదలచినది ధరను గుఱించి. తక్కిన దినములందు ముప్పదికి బోవు చేప మిరుగునాడు అఱువదికి బోవును. అదియు ప్రాణముతోనున్న కొర్రమట్టయైనచో చెప్పనక్కఱలేదు. కుండలో కొంచెము నీరు పోసి యుంచినచో రెండుదినములైనను అది చావదు గదా.

ఆ సంవత్సరము మే నెలలో ఒక గాలివాన వచ్చి చెఱువునకు జానెడు నీరు తెచ్చెను. మూడు వారముల పిమ్మట, మిరుగునకు ముందునాటి సాయంకాలము, శిఖము అంచున మోకాటిలోతు నీటిలో ఎఱ్ఱని మఱక యొకటి చూచితిని. మొదట ఇటుకపొడి యనుకొంటిని. అది కదలుచుండెను. వందలకొలది చేపపిల్లలు, ఒక్కొక్కటి వడ్లగింజకంటె కొంచెము పెద్దవి, కాచిన రాగిరంగున మెఱయుచు గుంపుగా తేలి గాలిని మ్రింగి మునుగుచుండెను. వాని క్రింద, బురదరంగు నీటిలో, మూరెడు పొడవున ఒక నీడ నిలిచియుండెను.

తాత మాట నాకు గుఱుతు రాలేదని చెప్పజాలను. గుఱుతు వచ్చెను. చుట్టును చూచితిని, కట్టమీద నెవరును లేరు. కప్పను గాలమునకు గ్రుచ్చి ఆ ఎఱ్ఱని గుంపు నడుమకు విసరితిని. పది లెక్కించు నవసరము కలుగలేదు. కప్ప నీటిని తాకినంతనే ఆ నీడ పైకి లేచి దానిని పట్టెను. అది ఆకలిచేత పట్టినది గాదు. పిల్లలను కాచుచున్న కొర్రమట్ట ఎర తినుటకు రాదు. పిల్లల నడుమకు వచ్చినదానిని తఱుముటకై వచ్చును. ఆ కోపమే నా గాలమునకు దానిని పట్టియిచ్చినది. ఆ చేప తల్లియో తండ్రియో నేనెఱుగను. ఒక్కొక్కప్పుడు రెండును కాపుండునందురు. నేను చూచినది ఒక్క నీడనే.

మఱునాడు చీకటితో లేచి, కుండను నెత్తిన బెట్టుకొని అంగడికి బయలుదేఱితిని. త్రోవ కట్టమీదుగానే. ప్రొద్దు పొడుచుచుండెను. నిన్న నేను నిలిచిన చోట కొంగలు ఏడెనిమిది నిలిచియుండెను. నీటిలో అక్కడక్కడ చిన్న చిన్న సుడులు లేచుచుండెను. పిల్లలు పైకి వచ్చినచోట కొంగముక్కు, క్రిందికి బోయినచోట జెల్లనోరు. ఎఱ్ఱని మఱక అరచేతియంత మిగిలియుండెను. మత్తడిమీద తాత నిలిచి దానినే చూచుచుండెను.

నేను వెనుదిరుగుటకు చోటులేదు. ఆయన నా దగ్గఱకు వచ్చి, కుండమీది గుడ్డ తొలగించి, లోపల చూచి, మరల కప్పెను.

"ఎంతకు అమ్ముతవు బిడ్డా?"

"నలభైకి, తాతా."

"తక్కువ చెప్పకు. ఇయ్యాల మిరుగు. ఎనభై పలుకుతది."

అంతే. ఎనుబదే పలికినది. ఆ వారముననే మా తండ్రి నన్ను జగిత్యాలకు తీసికొనిపోయి పెట్టె కొనెను. చేప ఎక్కడ దొరకినదని ఆయన అడుగగా చెఱువులో ననితిని. దుకాణమువాడు మూతలోపల నల్లరంగుతో నా పేరు వ్రాసి యిచ్చెను. తిరుగు బస్సులో మా తండ్రి ఆ పెట్టెను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. క్రింద పెట్టుమని కండక్టరు రెండుసార్లు చెప్పినను పెట్టలేదు.

దసరా సెలవులకు నేను వచ్చునప్పటికి చెఱువు నిండి మత్తడి దూకుచుండెను. తాత నన్ను చూచి, చదువెట్లున్నదని అడిగి, తన మనుమనితో మాటలాడినట్లే మాటలాడెను. గాలమునకు రమ్మని మాత్రము పిలువలేదు. ఆ తరువాతను పిలువలేదు. నేను మన్నింపుమని యడుగవలసియుండెను. ప్రతి సెలవునందును వచ్చే సెలవులలో అడుగుదమనుకొంటిని. శిక్షణ కళాశాలలో నేను పరీక్షలు వ్రాయుచుండగా ఆయన పోయినట్లు ఇంటినుండి కబురు వచ్చెను.

తొమ్మిదవ తరగతిలో నుండగా పాఠశాల గ్రంథాలయమున అమెరికాదేశపు పాత పత్రిక యొకటి నా చేతికి దొరకినది. నిండు వేసవిలో లోతులేని సరస్సులలో బాస్ అను చేపను పట్టు విధమును గూర్చి అందొక వ్యాసముండెను. నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివితిని. తెల్లవాఱుజామును సాయంకాలమును తగిన వేళలట. మధ్యాహ్నమున చేప కలువాకుల నీడను చేరునట. కప్పవలె చేసిన రబ్బరు ఎరను ఆకులమీద గెంతించుచు లాగవలయునట. బొమ్మలోని దొరగారి టోపీ తీసి తలకు రుమాలు చుట్టినచో ఆయన మా తాతయే! ఆ బాస్ చేపలోను మగది గూటిని పిల్లలను కాచుచుండునని తరువాత చదివితిని. అక్కడి కొన్ని ఉత్తరరాష్ట్రములందు అవి గూళ్లమీద నుండు వసంతకాలమున పట్టరాదను నిబంధనలున్నవి. చట్టమునకు విరుద్ధముగా పట్టిన బాసులను ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు తరలింపరాదని 1926లోనే వారి శాసనసభ చట్టము చేసినది. మనకును 1897నాటి మత్స్యచట్టము కలదు. అది నీటిలో తోటాలు పేల్చుటను, విషము కలుపుటను నిషేధించినది. పిల్లలవెంట నున్న చేపను గుఱించి దానిలో ఒక్క మాటయు లేదు. ఆ చట్టము మాకు బెస్త తాత నోటనే యుండెను.

ఇక నేటి సంగతి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకమున తెలంగాణములోని 46,000కు పైబడిన చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. ఎన్నో చెఱువుల పూడిక తీయబడెను. 2016నుండి ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా చెఱువులలో విడుచుట మొదలిడెను. అవి ప్రధానముగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ జాతులు. వీనిని పెంచువారికి కొర్రమట్ట పగది. అది ఆ పిల్లలను తినును. కావున మోటారు పెట్టి తూము గుంటను అడుగంట తోడి, కొర్రమట్టలను ఏఱివేసినచో లాభము రెండువిధములని వాదించువారు గలరు. ఆ వాదము తెలివితక్కువది గాదు. కాని మిరుగునాడు ఎగబడి కొనునది ఆ కొర్రమట్టనే యని వారికి తెలియును.

ఈ వేసవిలో నేను బోయినప్పుడు తూమునొద్ద మోటారు నడుచుచుండెను. నాలుగైదుగురు యువకులు; ఇద్దఱు నా పూర్వవిద్యార్థులు. గుంటలో కొంత నీరు విడువుమనియు, వానలు పడిన పిమ్మట చెఱువంతటికి విత్తనము అదేననియు నేను చెప్పితిని. వారిలో నొకడు మర్యాదగానే, "సారూ, మీరు సెలవులకు వచ్చి పోతరు. మేమీడనే ఉండాలె" అనెను. నాకు బదులు తోచలేదు. నేను కొన్న పెట్టె జ్ఞాపకము వచ్చి నోరు మూసికొంటిని. గుంట నడుములోతునకు వచ్చునప్పటికి కరెంటు పోయెను. సాయంకాలము వఱకు రాలేదు. మఱునాడు ఎవరో పెండ్లికని మోటారును తీసికొనిపోయిరి. నా మాటవలన నిలిచిన దేమియు లేదని యిందుమూలముగా విన్నవించుకొనుచున్నాను.

ఆ సాయంకాలము మా అబ్బాయిని వెంటబెట్టుకొని గుంట దగ్గఱకు బోయితిని. వానికి పండ్రెండేండ్లు, కొత్త గాలపుకఱ్ఱ తెచ్చుకొనెను. అది నా పాత పెట్టెలోనే పట్టునట్లు మడచునట్టిది. దారము విప్పబోవుచుండగా, ముందు నీటిని చూడుమంటిని. ఎంతసేపని యడిగెను. బుడగ లేచువఱకు ననితిని. వాడు చేతిగడియారము చూచుచు తుంగలో కూర్చుండెను. గాలి పూర్తిగా పడిపోయినది. ఏడవ నిమిషమున తూమురాతి మొదట నీరు కొంచెము ఉబ్బి, ఒక బుడగ లేచి పగిలెను. వాడు నా మోచేయి పట్టుకొనెను. ఆ పగిలినచోటికి జానెడు దూరమున మఱియొకటి లేచెను.